పొయ్యికి చెప్పిన ఉత్తరాలు

డావెన్‌పోర్ట్ చెర, పెద్దనది ఒడ్డు
కళ్ళకలక నెల, 1864

వినోనక్కా,

మరిచిపోయానా? నేనా? "తెల్లవాళ్ళ రొట్టె తింటూ, తెల్లవాళ్ళ పాటలు పాడుకుంటూ అమ్మనీ అక్కనీ మరిచిపోయావు" అంటావా? నిన్న చేతికొచ్చింది నీ ఉత్తరం. ఈ రొట్టె ఒక్కసారి కొరికి చూడు, నీ పళ్ళు దాంట్లోనే ఉండిపోతాయి. పాటలంటావా, పాడితే ఒళ్ళు వెచ్చబడుతుంది, అందుకని పాడతాం.

ఎదురుగా ఉంటే అక్కతో ఇలా మాట్లాడకూడదని తెలుసు. తల దించుకుని ఊరుకోవాలి. కాగితానికి మొహం లేదుగా, అందుకని మాట్లాడుతున్నా.

ఇంకోటి కూడా అన్నావు. నోరు మూసుకుని ఉంటే చెరకి పోయేవాడివి కాదు అని. యుద్ధం ఓడి లొంగిపోయాక ఏం జరిగిందో విను. బల్ల అవతల సిపాయి దొరలు కూర్చున్నారు. "తుపాకీ పేల్చావా?" అన్నారు. "పేల్చాను" అన్నాను. అంతే, అయిపోయింది, తర్వాతివాణ్ణి పిలిచారు. ఎవరి మీద పేల్చావు, తగిలిందా, ఎందుకు పేల్చావు అని ఒక్కడూ అడగలేదు. మన భూమి రాయించుకుని దానికి ఇస్తామన్న డబ్బు రాలేదని, గోదాం నిండా పిండి పెట్టుకుని తాళం వేశారని, మన పిల్లలు గడ్డి వేళ్ళు పీక్కుంటుంటే వర్తకుడు నవ్వాడని చెబుదామని నోరు తెరిచాను. సిపాయి నా భుజం పట్టుకుని తలుపు చూపించాడు. అబద్ధం చెప్పుంటే ఇంటికి పోయేవాణ్ణేమో. ఏ ఇంటికి అని అడక్కు.

నీ ఉత్తరం ఎలా వచ్చిందో చెప్పాలి. ఉత్తరాలు తెచ్చే పాదిరీగారు మా మధ్యలో నిలబడి "హేపాన్" అని పిలిచారు. నలుగురం చేతులెత్తాం. "అక్క పంపింది, వినోనా" అన్నారు. రెండు చేతులు దిగాయి. నాదీ, ఒక ముసలాయనదీ మిగిలాయి. ఆయన పేరూ హేపానే. నేను మనుషుల్ని దాటుకుంటూ పోయి లాక్కున్నాను. ముసలాయన నా మొహం చూసి చెయ్యి దించేశాడు. "ఊరికే ఎత్తాన్లే, నువ్వే తీసుకో" అన్నాడు. పాపం, ఈ వయసులో ఆయనకి ఉత్తరం రాసే అక్క ఎక్కడుంటుంది?

చదవడం ఎప్పుడొచ్చిందిరా అనుకుంటున్నావా? బడి నుంచి మంచు పడకముందే పారిపోయినవాణ్ణి కదా. ఆ అక్షరాలే వెతుక్కుంటూ వచ్చి ఇక్కడ పట్టుకున్నాయి. ఇక్కడినుంచి ఎటు పారిపోను? ఒకడు నేర్చుకుని పక్కవాడికి చెప్తాడు. గొలుసులేసుకున్న మొగాళ్ళందరూ నేల మీద పుల్లలతో రాసుకుంటూ కూర్చున్నారు. చూస్తే నవ్వుతావు.

సరేగానీ అక్కా, నువ్వు మగాడివెప్పుడయ్యావు? ప్రతి మాట చివరా "డో", "డో" అని. అది మగాళ్ళు మాట ముగించే తీరు, ఆడది "డో" అంటుందా ఎక్కడైనా? మనూళ్ళో ఏ ఆడమనిషైనా "డో" అంటే కుక్కలు కూడా ఆగి తిరిగి చూస్తాయి. నీ నోరు ఎవడికి అద్దెకిచ్చావు?

తిట్టడం అయిపోయింది. అమ్మకి దగ్గు తగ్గిందని రాశావే, ఆ ఒక్క ముక్కనీ ఎన్నిసార్లు చదివానో. మనందర్నీ కుక్కిన సిపాయిల కంచెలో చివరిసారి చూసినప్పుడు ఆ దగ్గుకి అమ్మ నడుం వంగిపోయింది. ఈ రెండేళ్ళూ అమ్మ పోయిందనే అనుకున్నాను. ఎవరినీ అడగలేదు, అడిగితే చెప్పేస్తారని. తగ్గింది! నిన్న ఉత్తరం పట్టుకుని ఆవరణ చుట్టూ పరిగెత్తాను. కాపలావాడు తుపాకీ ఎత్తాడు, తర్వాత వాడే దించాడు.

నా పచ్చచెవి కుక్క ఉందా? బియ్యం చెరువులో పడవ బోల్తా గుర్తుందా? నువ్వు గడకర్ర వేస్తున్నావు, నేను నీళ్ళలో మొలిచిన బియ్యం కంకులు వంచి పడవలోకి దులుపుతున్నాను. కుదురుగా కూర్చోలేక లేచి నిలబడ్డాను. బియ్యం, మనం, గడకర్ర అన్నీ నీళ్ళలో. నువ్వు జుట్టు పట్టి పైకి లాగావు. ఆ నీళ్ళ వాసన కోసం ఇక్కడ నది ఒడ్డుకి పోయినప్పుడల్లా ముక్కు ఎగబీలుస్తాను. ఇది వేరే వాసన. ఆల్చిప్పల వాసన. వాటిని కోసి ఉంగరాలు చేస్తున్నాం. ఆదివారం ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని చూడ్డానికొచ్చి కొనుక్కుపోతారు. కరుస్తామేమో అని కొంచెం దూరంగా నిలబడతారు.

నీ చెయ్యి పట్టుకుని ఊపుతున్నాను. అమ్మ చెయ్యి ఇంకాసేపు.

నీ తమ్ముడు హేపాన్


కాకుల వాగు, బురదనీళ్ళ నది ఒడ్డు
ఎర్రపళ్ళ నెల, 1864

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది, డో. బతికున్నావు, డో. అది చాలు.

నా నోరు అద్దెకివ్వలేదు. ఇక్కడ మా పక్క గుడారాల్లో రాత వచ్చినవాడు మా మామగారొక్కరే. కోడలు మామగారితో ఎలా మాట్లాడుతుంది? మొహం చూడకూడదు, మాట కలపకూడదు. అందుకని నేను ఇటు తిరిగి పొయ్యికి చెప్తాను. ఆయన అటు తిరిగి కూర్చుని పొయ్యి మాటలు రాసుకుంటారు. "డో" వద్దని పొయ్యికి ఎన్నోసార్లు చెప్పాను. పొయ్యి ఏం చేస్తుంది?

ఇది రాసేవాడి మాట: పెన్సిలు పట్టింది మగాడు. ఆడమాట రాయడానికి పెన్సిలు సిగ్గుపడుతోంది, డో.

విన్నావుగా. ఇక మా సంగతి. ఇక్కడ చెట్టు లేదు. గాలికి ఆనుకోడానికేమీ లేక మనుషుల్నే తోస్తుంది. పడవలో కుక్కి తెచ్చి దింపినప్పుడు కొండ మీద ఒక్క సమాధి లేదు. ఇప్పుడు కొండే కనపడదు. పెద్ద తొట్టిలో ఎద్దు తలకాయలూ పేగులూ పిండీ కలిపి ఉడికించి గిన్నెతో పోస్తారు. అది చాలక సిపాయిల గుర్రాల పేడలో మిగిలిన గింజలు ఏరి, కడిగి, వండాం. అదేదో గొప్పకి చెప్పడం లేదు. రొట్టె గట్టిగా ఉందన్నావుగా, అందుకు చెప్తున్నా.

మొగాళ్ళు లేరు. చెరలో ఉన్నవాళ్ళు చెరలో, పోయినవాళ్ళు పోగా, మా ఆయనలా ఉత్తరదిక్కుకి పారిపోయినవాళ్ళ కబురే లేదు. దుంపలు తవ్వేది మేమే, కట్టెలు మోసేది మేమే.

అమ్మకి దగ్గు నిజంగానే తగ్గింది. ఎండలో కూర్చుంటోంది. నీ ఉత్తరం మామగారు బయట నుంచి గట్టిగా చదివితే లోపల కూర్చుని విన్నది. నువ్వు పరిగెత్తావని విని నవ్వింది. "వాడు పరిగెత్తడమా!" అంది.

కానీ తమ్ముడూ, పచ్చచెవి కుక్క ఏమిటి? మనింట్లో కుక్క ఎక్కడిది? అమ్మకి పడదుగా. పడవ బోల్తా కూడా నాకు గుర్తులేదు. కుదురుగా కూర్చోలేకపోవడం ఏమిటి, చిన్నప్పుడు నిన్ను ఎక్కడ కూర్చోబెడితే అక్కడ బండరాయిలా ఉండేవాడివి. చెర నీ బుర్రని ఏం చేసిందిరా? వేళకి నీళ్ళు తాగు. ఎండలో తిరక్కు.

దూరం నుంచే నీ చెయ్యి పట్టుకుంటున్నాను, డో.

అక్క వినోనా


డావెన్‌పోర్ట్ చెర
కోతల నెల, 1864

అక్కా,

మామగారా? ఏ మామగారు? ఎవరి మామగారు?

పెళ్ళెప్పుడు చేసుకున్నావు? ఎవర్ని అడిగి చేసుకున్నావు? తమ్ముడొకడున్నాడని గుర్తొచ్చిందా? పెళ్ళికొడుకు తరఫున గుర్రం ఎవరు తెచ్చి మన గుమ్మంలో కట్టారు, ఒప్పుకున్నట్టు ఎవరు విప్పి తీసుకున్నారు? అక్కని ఇవ్వాల్సింది నేను. మన మబ్బునీళ్ళ నది ఒడ్డున, ఆ సిపాయిల కంచెలో నిన్ను వదిలి వచ్చేటప్పటికి నువ్వు రెండు జడలేసుకున్న పిల్లవి. ఇప్పుడు మామగారట, ఉత్తరదిక్కుకి పోయిన మొగుడట! వీడు సచ్చాడో బతికాడో, వీణ్ణి అడిగేదేమిటి అనుకున్నావు. అంతేనా? నన్ను మరిచిపోయింది నువ్వు.

అయ్యా మామగారూ, మీకో మాట. పెద్దవారు, తప్పుగా అనుకోకండి. కొంచెం పొయ్యి దగ్గరికి జరిగి కూర్చోండి. పొగలో మీకు సరిగా వినపడ్డం లేదు. నేను బండరాయినట! ఇక్కడ గొలుసేసి కూర్చోబెడితే గొలుసు అరిగిందిగానీ నేను కూర్చోలేదు. కుక్క లేదట! అమ్మకి పడదనే కదా అక్క దాన్ని నా దుప్పట్లో దాచిపెట్టేది. ఇవన్నీ మా అక్క పొయ్యికి సరిగానే చెప్పుంటుంది. మీ పెన్సిలు చెక్కుకోవాలి.

కోపంలో ఉన్నా ఇది చెప్పకుండా ఉండలేను. ఇక్కడ కాపలావాడొకడు, గడ్డం ఎర్రగా ఉంటుంది. వాడి తమ్ముడు మన వైపు భూమి పట్టుకున్నాడట. ఎక్కడ అంటే చేతులతో చూపించాడు: నది వంపు, పక్కన చెరువు, చెరువులోకి వంగిన ఓక్ చెట్టు. మన బియ్యం చెరువే అక్కా. "నీళ్ళలో ఏదో గడ్డి పెరుగుతుంది, మా పందులకి భలే ఇష్టం" అన్నాడు. మంచివాడే. నాకు పొగాకు కూడా ఇచ్చాడు. ఆ యుద్ధంలో వాడి వదిన పోయిందట, అదీ చెప్పాడు. ఇద్దరం చాలాసేపు నది వైపు చూస్తూ నిలబడ్డాం. వాడు ఏం చూశాడో తెలీదు. నాకు మాత్రం పందులు బియ్యం మొలకలు నములుతున్న చప్పుడు వినపడింది.

మనవాళ్ళు ఆ నేల తొక్కకూడదని చట్టం రాశారటగా. పందులకి చట్టం లేదు.

పెళ్ళి సంగతి తేల్చేదాకా చెయ్యి ఇవ్వను. అమ్మకి మాత్రం ఇస్తాను.

హేపాన్


కాకుల వాగు
జింకలు జతకట్టే నెల, 1864

తమ్ముడూ,

తప్పే, డో. నిన్ను అడక్కుండా చేసుకోవడం తప్పే. నువ్వు తిట్టింది అంతా పొయ్యి పక్కన కూర్చుని విన్నాను. ఇంకా తిట్టు. నన్ను తిట్టే మగదిక్కు లేక చాన్నాళ్ళయింది.

కుక్క విషయం నువ్వన్నదే అయ్యుంటుంది. పడవా బోల్తా పడే ఉంటుంది. ఈ గాలికి నాకే అన్నీ ఎగిరిపోతున్నాయి. అందుకని నువ్వే ఒక్కోటీ మళ్ళీ చెప్పు. మనం ఉండేది నదికి ఏ పక్క? అమ్మ మెడలో ఏ రంగు పూసలుండేవి? అమ్మ నిన్ను ఏమని పిలిచేది? చెరువుకి పోయేటప్పుడు మనతో ఎవరొచ్చేవాళ్ళు? అన్నీ రాయి. నాకు వినాలనుంది.

ఇంకొక్క మాట. అక్కడ ఇంకో హేపాన్ ఉన్నాడేమో చూడు. ఎడమచేతి వాటం. చాలా తక్కువ మాట్లాడతాడు. నడుస్తూ కూడా ఏదో చిన్నగా పాడుకుంటాడు, మాటలుండవు, రాగం ఉంటుంది. మామగారికి తెలిసినవాళ్ళ అబ్బాయి. వాళ్ళ అమ్మ అడుగుతోంది.

ఇది రాసేవాడి మాట: అవును, అడుగుతోంది. వెతుకు నాయనా, డో.

ఇక్కడ మంచు మొదలైంది. తొట్టిలో కూడు పల్చబడింది. అమ్మ ఎండ కోసం గుడారం చుట్టూ జరుగుతూ కూర్చుంటోంది. నీ ఉత్తరం ఎప్పుడొస్తుందని అడుగుతోంది.

నువ్వు ఇవ్వకపోయినా నీ చెయ్యి నేనే పట్టుకుంటున్నాను.

అక్క


డావెన్‌పోర్ట్ చెర
కష్టకాలపు నెల, 1865

వినోనక్కా,

మొదలుపెట్టి చింపాను, మళ్ళీ మొదలుపెట్టి చింపాను. ఇక కాగితం లేదు. కాబట్టి ఇది పంపాల్సిందే.

నువ్వడిగినవాడి కోసం వెతికాను. ఎడమచేతి హేపాన్ ఉన్నాడా అని అందర్నీ అడిగాను. చేతులెత్తినవాళ్ళందరిదీ కుడిచెయ్యే. ఊళ్ళోవాళ్ళకి అమ్మడానికి బొమ్మబాణాలు కూడా చేస్తాం ఇక్కడ. ముసలి హేపాన్ తన సంచీ బోర్లించి బాణాలు సర్దుతున్నాడు. నేను పక్కనే నిలబడి, చేతులు ఊరుకోక, ఒక్కోటీ తీసి చూస్తున్నాను. ఒకదానికి ఈకలు కట్టిన నరం అందరూ చుట్టే వైపు కాకుండా ఎదురు వైపు చుట్టి ఉంది.

"తాతా, ఇదెవరు కట్టారు?"

"నా పేరువాడే ఒకడు. అక్కడ పెట్టెయ్, అది అమ్మను."

"ఎడమచేతి వాటమా?"

"ఆఁ. మా పక్కనే పడుకునేవాడు. కూర్చుంటే లేచేవాడు కాదు. మేం వాణ్ణి బండరాయి అనేవాళ్ళం."

అక్కా, ఆ మాట నీ ఉత్తరంలోది.

మమ్మల్ని ఇక్కడికి తెచ్చిన మొదటి ఎండాకాలంలోనే పోయాడట. జ్వరం. బాధపడ్డాడా అనడిగాను. పాడుకుంటూనే ఉన్నాడు, పాట ఆగాక మాకు తెలిసింది అన్నాడు ముసలాయన. "అక్క ఉత్తరం వస్తే నువ్వు తీసుకో, నీ పేరూ అదేగా" అని చెప్పి పోయాడట. అందుకే ఆ రోజు ముసలాయన చెయ్యెత్తాడు.

"మరి నాకెందుకు ఇచ్చేశావు?" అని అరిచాను.

"నీ మొహం చూశాను" అన్నాడు. "సచ్చినవాడి ఉత్తరం కోసం బతికినవాడి నవ్వు లాక్కోమంటావా?"

అదీ జరిగింది. పుట్టిన వరసని బట్టి పేరు పెట్టుకునే జాతి మనది. ముందు ఆడపిల్ల, తర్వాత మగపిల్లాడు పుట్టిన ప్రతి ఇంట్లోనూ ఒక వినోనా, ఒక హేపాన్. ఒకరి పేరు కేకేస్తే సగం ఊరు తిరిగి చూసేది. అప్పుడు నవ్వుకునేవాళ్ళం.

అంటే మీరు మా అక్క కాదు. మీరు అనే అనాలి ఇక. మీ పెళ్ళి గురించి నోటికొచ్చినట్టు అన్నాను, క్షమించండి. మీ తమ్ముడు కట్టిన బాణం పాదిరీగారితో పంపుతున్నాను. నరం విప్పకండి.

ఒక్కటి అడగాలి. దగ్గు తగ్గింది మీ అమ్మకి. మరి మా అమ్మ? మీరడిగినవి రాస్తున్నాను, దీనికోసమే అడిగారేమో. నదికి దక్షిణం పక్క, చెరువు మలుపులో ఉండేవాళ్ళం. అమ్మ మెడలో నీలం పూసలు, మధ్యలో ఒకటి పగిలింది. నన్ను "చీమలపుట్ట" అనేది, నేను కూర్చున్నచోట చీమలుంటాయని. అక్క ఎడమ కనుబొమ్మ మధ్యలో చిన్న గీత. అది నావల్లే. పడవ అంచు తగిలింది.

మీ చెయ్యి పట్టుకోవచ్చో లేదో తెలీదు.

హేపాన్, మీవాడు కాని వాడు


కాకుల వాగు
నాట్ల నెల, 1865

తమ్ముడూ,

ఇది నా చేతి రాత. "డో" లేదు చూడు. చలికాలమంతా నేర్చుకున్నాను. మామగారు కాగితం మీద అక్షరం రాసి పొయ్యి పక్కన పెట్టి బయటికి పోయేవారు. నేను తీసి దిద్దేదాన్ని. ఆయన చూసి తల ఊపేవారు, పొయ్యి వైపు. తప్పులుంటాయి. నవ్వకు.

నన్ను మీరు అనకు.

నీకు ఇప్పుడు తెలిసింది. నాకు అప్పుడే తెలుసు. నా పెళ్ళికి వచ్చిన గుర్రాన్ని విప్పి తీసుకుంది మా హేపానే. ఎడమచేత్తో విప్పాడు. నువ్వు పెళ్ళి గురించి తిట్టినప్పుడు మామగారు చదవడం ఆపేశారు. నేను కట్టెలు ఎగదోస్తూ కూర్చున్నాను. తర్వాత "ఏం రాయను?" అని పొయ్యిని అడిగారు. "తప్పే అని రాయి" అని పొయ్యికి చెప్పాను.

ఎందుకు చెప్పలేదంటే అమ్మ వింటోంది. రెండేళ్ళకి అమ్మ నవ్వింది, నువ్వు పరిగెత్తినందుకు. ఇంకొకటి, నువ్వు వాడివి కాదంటే వాడు ఎక్కడున్నాడు అని అడగాలి. అడగడానికి భయం. నీకు తెలుసుగా ఆ భయం.

బాణం వచ్చింది. నరం చూశాను. అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ వేలితో తడిమింది. వాడి కోసం జుట్టు కోసుకుంది. నేనూ కోసుకున్నాను.

ఇప్పుడు మీ వాళ్ళ సంగతి. గుడారం గుడారం తిరిగాను. కొడుకుని చీమలపుట్ట అనే ఆవిడ తెలుసా అని అడిగాను. ఒకామె తెలుసంది. మీ అమ్మ సిపాయిల కంచెలోనే, ఆ మొదటి మంచులోనే పోయింది. నీలం పూసలు కూతురు మెళ్ళో వేసింది. మీ అక్క ఆ పూసలతో పడవలో ఇక్కడిదాకా వచ్చింది. ఇక్కడ మొదటి ఎండాకాలం దాటలేదు. ఆ ఎండాకాలంలో నేనూ ఇక్కడే ఉన్నాను తమ్ముడూ. తొట్టి దగ్గర వరసలో నా వెనకే నిలబడి ఉంటుంది. ఇద్దరం వినోనాలమే. గిన్నె పోసేవాడు పిలిస్తే ఇద్దరం ముందుకి వచ్చి ఉంటాం.

కొండ మీద మీ అక్క సమాధి ఎక్కడో చూపించింది ఆమె. పోయాను. గడ్డి సర్దాను. మొక్కజొన్న పెట్టాను. నీ తమ్ముడు పంపాడు అని చెప్పాను. కుక్క గురించి కూడా చెప్పాను.

పోయినవాడి చోట ఒకర్ని కూర్చోబెట్టుకుంటారు మనవాళ్ళు, జోళ్ళు తొడిగి. అది నీకు నేను చెప్పక్కర్లేదు. అమ్మ తోలు జోళ్ళు కుడుతోంది. నీ కాలి కొలత అడుగుతానంటే వద్దంది. వాడి కొలతకే కుడుతోంది. మీద పువ్వులు కుట్టడానికి ముళ్ళపంది ముళ్ళు దొరక్క తన పాత గౌను ముళ్ళు విప్పి దీనికి వేస్తోంది. పూర్తయ్యాక పంపుతాను. నీకు ఇష్టమైతే తొడుక్కో. లేకపోతే దాచిపెట్టు. వెనక్కి మాత్రం పంపకు.

చెయ్యి పట్టుకుంటున్నాను. అడగను.

వినోనా


డావెన్‌పోర్ట్ చెర
బాతులు గుడ్లు పెట్టే నెల, 1866

"జోళ్ళు ఇరుకయ్యాయా, మేమే ఇరుకయ్యామా" అని అడుగుతావా? నిన్ననే వచ్చింది ఆ ఉత్తరం. ఎంత పదునైన నోరు! ఇది మాత్రం పెన్సిలు పెట్టింది కాదు, నీ సొంతమే.

చెప్తాను విను. నిరుటి నుంచి రాయలేదు, నిజమే. కోపం. నీ మీద కోపం. ఏడాది పాటు నాకు బతికున్న అమ్మనిచ్చావు. ఏడాది పాటు నేను ఆవిడకి ఏం తీసుకెళ్ళాలా అని ఆల్చిప్పలు ఏరాను, అన్నిట్లోకీ తెల్లటిది చూసి ఉంగరం చేశాను. తర్వాత ఒక్క కాగితంతో పట్టుకుపోయావు. తిట్టాలో దణ్ణం పెట్టాలో తెలీక నోరు కట్టేసుకున్నాను. నేను నోరు కట్టేసుకోవడం! ముసలాయన భయపడి నుదురు పట్టి చూశాడు, జ్వరమేమోనని.

జోళ్ళు మంచు కరగకముందే వచ్చాయి. ముసలాయన ముళ్ళపని చూసి "పాత గౌను ముళ్ళు, రంగు చూడు" అన్నాడు. తొడుక్కుందామని చూశాను. పట్టలేదు. మీవాడి కాలు చిన్నది. మడమ బయటే ఉండిపోయింది. విప్పి, పొట్లం కట్టి, తలగడ కింద పెట్టుకున్నాను. మన కాలు కానిదాంట్లో కాలు పెట్టడమేమిటి అనుకున్నాను. అదీ నీ ప్రశ్నకి జవాబు. ఇరుకయ్యాయి.

నిన్న నీ ఉత్తరం చదివి, జోళ్ళు పట్టుకుని నది ఒడ్డుకి పోయాను. మమ్మల్ని వదిలేస్తున్నారని చెప్పాక కాపలా అంతగా లేదు. రెండిట్నీ నీళ్ళలో ముంచి ఉంచాను. తోలు తడిస్తే సాగుతుంది, తడిగా తొడుక్కుని కాలి మీదే ఆరనిస్తే కాలి రూపం పడుతుంది అనేది మా అమ్మ. తొడుక్కున్నాను. వేళ్ళు ముడుచుకుపోయాయి. మడమ ఎలాగో దిగింది. వాటితోనే నిలబడ్డాను, వాటితోనే నడిచాను, నిన్నటినుంచి విప్పలేదు. అడుగేస్తే బుడుక్ బుడుక్ అంటున్నాయి. అందరూ నవ్వుతున్నారు. కుదురుగా కూర్చుంటే తొందరగా ఆరతాయిరా అని ముసలాయన అరుస్తున్నాడు. కూర్చున్నాను. ఇదిగో, కూర్చునే రాస్తున్నాను. మీ అమ్మకి చెప్పు, బండరాయిలా కూర్చున్నానని.

మీ అమ్మ అన్నాను. ఇదే చివరిసారి.

పొద్దున్నే పడవ వచ్చింది. ముందు ఈ పెద్దనదిలోనే కిందికి, ఆ తర్వాత బురదనీళ్ళ నదిలోకి తిరిగి పైకి తీసుకెళ్తారట. నయోబ్రారా అని ఒక వాగు దగ్గర దింపుతారట. మిమ్మల్ని కూడా కాకుల వాగు నుంచి అక్కడికే తోలతారని పాదిరీగారు అన్నారు. అక్కడా చెట్లుండవట. మన మబ్బునీళ్ళ నది వైపు మాత్రం కాదు. ఎర్రగడ్డం కాపలావాడు వీడ్కోలుకి వచ్చాడు. చెరువులో ఆ గడ్డి పోయినేడు సరిగా రాలేదట. కొంచెం గింజ తెప్పించి ఇస్తాను, ఎక్కడైనా చల్లుకో అన్నాడు. ఇంకా తేలేదు. తేడనీ తెలుసు. అయినా గేటు వైపే చూస్తున్నాను.

అక్కా, అక్కడ దిగేటప్పుడు మీరు నన్నెలా గుర్తుపడతారు? నా మొహం మీకు తెలీదు. మీ మొహాలు నాకు తెలీవు. పేరు కేకేస్తే పడవలో సగం మంది పలుకుతారు. అందుకని మొహాలు చూడొద్దని అమ్మకి చెప్పు. కాళ్ళు చూడమను. తన కుట్టు తనకి తెలీదా?

నువ్వు మాత్రం ఆ కొండ మీంచి బయల్దేరేముందు ఒకసారి మా అక్క దగ్గరికి పోయి రా. మేం ముందుకి పోతున్నాం, కోపం తెచ్చుకోవద్దని చెప్పు. ఆవిడ చోట నిన్ను కూర్చోబెట్టుకుంటున్నానని, నన్ను జుట్టు పట్టి నీళ్ళలోంచి లాగిన తనని తిట్టినట్టే నిన్నూ తిడతానని చెప్పు. మామగారికి నా దణ్ణాలు. ఆయన పెన్సిలు

ఆగు, గేటు దగ్గర పేర్లు చదువుతున్నారు. "హేపాన్" అన్నారు. ముసలాయన చెయ్యెత్తకుండా నా వైపే చూస్తున్నాడు. ఎవరూ ఎత్తడం లేదు. నన్నే. పోవాలక్కా, జోళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి, పోతున్నా.